ఏజెన్సీ పిల్లకు ఎంబీబీఎస్ సీటు వచ్చాక తోడు నిలవడం ఎలా?

ఏటా కౌన్సెలింగ్ మొదటి జాబితా వెలువడిన వారంలో నాకు నాలుగైదు ఫోన్లు వస్తాయి. అవతల మాట్లాడేది ఆశ్రమ పాఠశాల మాస్టారో, ఉద్యోగుల సంఘం నాయకుడో, పట్నంలో స్థిరపడిన మేనమామో అయివుంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న. "మా గూడెం పిల్లకు ఎంబీబీఎస్ సీటు వచ్చింది మేడమ్. అందరం చందాలు వేసుకుని లక్ష రూపాయలు పోగుచేశాం. ఏం కొనిమ్మంటారు? ల్యాప్‌టాపా, స్టెతస్కోపా?"

రెండూ వద్దు. స్టెతస్కోపు మొదటి ఏడాదిలో ఒకటి రెండు ఫిజియాలజీ ప్రాక్టికల్స్‌కు, ఫొటోలకు తప్ప పెద్దగా పనికిరాదు. ల్యాప్‌టాప్ రెండో ఏడాది కొన్నా ఆలస్యమేమీ కాదు. ఆ లక్షను ఎలా వాడాలో చివర్లో లెక్క వేసి చూపిస్తాను. అంతకన్నా ముందు అర్థం చేసుకోవలసింది ఒకటుంది. సీటు వచ్చిన రోజు శాలువా కప్పడానికి ఊరంతా వస్తుంది. ఆ పిల్ల హాస్టల్ గదిలో తలుపు వేసుకుని ఏడ్చేది మాత్రం కొన్ని నెలల తర్వాత, కాలేజీ పెట్టే మొదటి ఇంటర్నల్ పరీక్ష మార్కులు నోటీసు బోర్డుకు ఎక్కిన రాత్రి. ఆ రాత్రి ఆమె సందేహించకుండా నొక్కగల ఫోను నంబరు ఒకటి ఉండాలి. అది మీ నంబరు కావాలంటే ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

నేనూ కోయ ఇంటి నుంచి వెళ్లి డాక్టరునైనదాన్నే కాబట్టి ఉదాహరణలన్నీ ఏజెన్సీవే ఉంటాయి. అబ్బాయి అయినా అమ్మాయి అయినా, గోండు, సవర, కొండరెడ్డి, లంబాడా ఎవరి ఇంటి బిడ్డ అయినా పద్ధతి ఇదే. దళిత వాడల నుంచి, సంచార కులాల నుంచి, పేద ముస్లిం బస్తీల నుంచి మొదటి తరంలో వైద్య కళాశాల మెట్లెక్కే పిల్లలకూ చాలావరకు ఇదే వర్తిస్తుంది.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- ఒక మనిషి, ఒక ఫోను. కమిటీ వద్దు. రాత్రి పదకొండింటికి కమిటీ ఫోను ఎత్తదు.
- ఇద్దరు సీనియర్లు. ఒకరు అదే కాలేజీలో చదువుతున్నవారు, మరొకరు అదే ప్రాంతం నుంచి వెళ్లి కోర్సు పూర్తిచేసినవారు. ఇద్దరూ ఒకరే అయితే మీ అదృష్టం.
- సర్టిఫికెట్ల ఫైలు, పది సెట్ల జిరాక్సులు, అన్నింటి స్కాన్ కాపీలు.
- విద్యార్థి పేరు మీద, ఆధార్‌తో అనుసంధానమైన బ్యాంకు ఖాతా.
- నెలనెలా కచ్చితంగా పంపగలిగేంత డబ్బు. ఎంత తక్కువైనా సరే, నెల తప్పకూడదు.
- ఆదివారం సాయంత్రం అరగంట. కనీసం మొదటి రెండేళ్లు. ఇది ఇవ్వలేనివారు ఇవ్వగలిగిన మరొకరిని వెతికిపెట్టినా గొప్ప సాయమే.

1. కాగితాల పని నీట్ ఫలితాలకు ముందే ముగించండి

సీటు పోయిందని నా దగ్గరకు వచ్చిన వారిలో ర్యాంకు చాలక పోగొట్టుకున్నవారితో పాటు, కాగితం చాలక పోగొట్టుకున్నవారూ ఉన్నారు. చూసుకోవలసినవి ఇవి: కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం, ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు, పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్, ఆధార్.

ఇక్కడ జరిగే మొదటి పొరపాటు పేరు. మన ఇళ్లలో ఇంటిపేరును ఒక్కొక్కరు ఒక్కోలా రాయిస్తారు. పదో తరగతి మెమోలో ఒక తీరు, ఆధార్‌లో మరో తీరు, కుల పత్రంలో ఇంకో తీరు ఉంటుంది. నా విషయంలో ఒక్క అక్షరం తేడాకు మూడుసార్లు మండల కార్యాలయం చుట్టూ తిరగాల్సి వచ్చింది. పదో తరగతి మెమోలో ఉన్నదాన్నే ప్రమాణంగా పెట్టుకుని మిగతావాటిని దానికి అనుగుణంగా దిద్దించండి. ఆధార్ సవరణ ఒక్క రోజులో తేలే పని కాదు. కాబట్టి ఇంటర్ రెండో సంవత్సరం దసరా సెలవుల్లోనే మొదలుపెట్టండి.

రెండోది కుల పత్రం ఎవరిస్తారన్నది. కొన్ని తెగలకు తహసీల్దారు సంతకం చాలదు, ఆర్డీఓ లేదా సబ్ కలెక్టర్ ఇవ్వాలి. మీ తెగకు ఎవరివ్వాలో మండల కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోండి. అఖిల భారత కోటాకు కేంద్ర నమూనాలో ఉన్న పత్రం అడుగుతారు. రాష్ట్ర నమూనాతో పాటు అదీ తీసిపెట్టుకోండి.

మూడోది స్థానికత, అంటే రాష్ట్ర సీట్లకు ఏ రాష్ట్రం పిల్లగా లెక్కిస్తారన్నది. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 2014లో ఉమ్మడి ఖమ్మం జిల్లా నుంచి చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఊరు ఆంధ్రప్రదేశ్‌లో ఉంటుంది, బస్సెక్కి దిగేది భద్రాచలంలో. పిల్లలు చాలామంది అక్కడే చదువుతారు. రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం స్థానికత తేల్చేటప్పుడు ప్రధానంగా చూసేది ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదే. రేషన్ కార్డు ఏ రాష్ట్రానిదన్నది కాదు. గోదావరికి అటూ ఇటూ మారి చదివిన పిల్లలు ఏ రాష్ట్రంలోనూ స్థానికులు కాకుండా పోయే ప్రమాదం ఉంది. ఈ నిబంధనలపై కోర్టుల దాకా వెళ్లిన వివాదాలు ఉన్నాయి, ఎప్పటికప్పుడు సవరణలూ వస్తున్నాయి. అందుకని ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లో స్థానికత పేజీని ఒకటికి రెండుసార్లు చదవండి. పక్కింటి పిల్లకు నిరుడు ఏం జరిగిందన్నది లెక్కలోకి తీసుకోకండి. తొమ్మిదో తరగతిలో చేర్చే పిల్లలు ఇంకా ఉంటే వారి తల్లిదండ్రులకు ఈ మాట ఇప్పుడే చెప్పండి.

2. కౌన్సెలింగ్ రెండు చోట్ల ఉంటుంది, రెండింటికీ దరఖాస్తు చేయించండి

ప్రభుత్వ కళాశాలల సీట్లలో 15 శాతం అఖిల భారత కోటా. దానికి ఢిల్లీలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ కౌన్సెలింగ్ జరుపుతుంది. మిగతాది రాష్ట్రానిది. తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం చూస్తాయి. ఎస్టీ రిజర్వేషన్ అఖిల భారత కోటాలో 7.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 6 శాతం, తెలంగాణలో 2022 నుంచి 10 శాతం. నీట్‌లో అర్హత వచ్చింది కదా, ఫోను వాళ్లే చేస్తారని ఎదురుచూసిన కుటుంబాన్ని నేను చూశాను. ఎవరూ చేయరు. విడిగా నమోదు చేసుకోవాలి.

ఐచ్ఛికాలు పెట్టేటప్పుడు నాలుగైదు కాలేజీలతో ఆపకండి. వెళ్లడానికి ఇష్టపడే ప్రతి కాలేజీనీ పెట్టండి, వెళ్లలేని ఒక్కదాన్నీ పెట్టకండి. చివరి రౌండ్లలో సీటు తీసుకుని చేరకపోతే జరిమానాలు, తర్వాతి కౌన్సెలింగ్‌కు అనర్హత వంటి చిక్కులు వస్తాయి.

పేరున్న కాలేజీ దూరంగా వస్తే, కొత్త కాలేజీ దగ్గరలో వస్తే ఏది మంచిదని అడుగుతారు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్, కొత్తగూడెం, ములుగు, పాడేరుల్లో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. పాత కాలేజీలో రోగుల రద్దీ, అనుభవమున్న అధ్యాపకులు ఉంటారు. ఆ లాభం ముఖ్యంగా మూడో ఏడాది నుంచి కనిపిస్తుంది. కానీ మొదటి ఏడాది దాటడమే కష్టమనిపించే పిల్ల అయితే, వారాంతంలో ఇంటికి వెళ్లి అమ్మ చేతి అన్నం తిని రాగలిగే కాలేజీకే నా ఓటు. పిల్లను అడిగి నిర్ణయించండి. ఇది మీరు కూర్చుని తేల్చే విషయం కాదు.

హెచ్చరిక: సీటు ఇప్పిస్తామని ఫోను చేసేవారికి రూపాయి కూడా ఇవ్వకండి, ఓటీపీ చెప్పకండి.

3. చేరే రోజు

ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకుంటుంది. తర్వాత స్కాలర్‌షిప్‌కో బ్యాంకుకో కావాలంటే ప్రతిసారీ ఆఫీసులో బతిమాలాలి. అందుకే పైన పది సెట్లు అన్నాను. ఇచ్చినవాటికి రసీదు అడిగి తీసుకోండి. ర్యాగింగ్ వ్యతిరేక అఫిడవిట్ విద్యార్థి, తల్లిదండ్రులు ఇద్దరూ ఇవ్వాలి. అమ్మానాన్నలకు చదువు రాకపోతే, అందులో ఏముందో వారి భాషలో చదివి వినిపించాకే వేలిముద్ర వేయించండి.

తెల్ల కోటు, డిసెక్షన్ పెట్టె, చెప్పులకు బదులు బూట్లు. ఆ రోజుకు ఇంతే కొనండి. పుస్తకాలు, ఎముకల సెట్టు సీనియర్ల దగ్గర దొరుకుతాయి.

4. స్కాలర్‌షిప్: దరఖాస్తు చేశాం కదా అని వదిలేయకండి

దరఖాస్తు చేసే వెబ్‌సైటు తెలంగాణలో ఈపాస్, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి. ఫీజు చెల్లింపు ఒకటి, భోజనం, వసతి ఖర్చులకు ఇచ్చేది మరొకటి. దరఖాస్తు పెట్టడం సులువే. అది ఎక్కడ ఆగిందో కనిపెట్టడమే కష్టం. సాధారణంగా ఆగే చోట్లు మూడు:

బ్యాంకు ఖాతా ఆధార్‌కు అనుసంధానం కాకపోవడం. రెండు ఖాతాలున్న పిల్లలకు డబ్బు పాత ఖాతాలో, గూడెం దగ్గర గ్రామీణ బ్యాంకులో పడి ఉంటుంది. వారు కొత్త ఖాతాలో వెతుకుతుంటారు. వేలిముద్ర ధ్రువీకరణ పూర్తికాకపోవడం రెండోది. రెండో ఏడాది రెన్యువల్ మరిచిపోవడం మూడోది, అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది.

సరిచూసుకునే పద్ధతి: నెలకోసారి దరఖాస్తు నంబరుతో స్థితి చూసి, ఆ తెరను ఫొటో తీసి పెట్టుకోండి. రెండు నెలలు వరుసగా ఒకే మాట కనిపిస్తే కాలేజీలో స్కాలర్‌షిప్ చూసే గుమస్తాను కలవమనండి. అక్కడా కదలకపోతే జిల్లా గిరిజన సంక్షేమ కార్యాలయం, ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) ఉంటే అక్కడి ప్రాజెక్టు అధికారి. నోటిమాటగా కాకుండా ఒక పేజీ అర్జీ రాసి, దాని నకలు మీద ముద్ర వేయించుకోవాలి.

5. ఆదివారం ఫోను

"నాకు అనాటమీ ఏం తెలుసు? నేనేం సాయం చేయగలను?" అని చాలామంది వెనకాడతారు. తెలియకపోవడమే మీ బలం. పిల్లను పాఠం మీకు చెప్పమనండి.

ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ ఉంటాయి. రాత పరీక్షతో పాటు ప్రతి దానిలోనూ వైవా, అంటే నోటి పరీక్ష ఉంటుంది. మన పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే. విషయం తెలుసు, కానీ ఎదురుగా కూర్చున్న ప్రొఫెసరు కళ్లలోకి చూసి ఇంగ్లిషులో రెండు వాక్యాలు చెప్పాలంటే గొంతు పెగలదు. చిన్నప్పటినుంచి పెద్దల ముందు తలొంచుకుని నిలబడటమే మర్యాద అని నేర్పింది మనమే.

వారానికి మూడు ప్రశ్నలు చాలు. మీ బతుకులోంచే అడగండి. "మోచేయి లోపలి ఎముక దగ్గర తగిలితే చిటికెన వేలి దాకా జివ్వుమంటుందే, ఎందుకు?" అక్కడ అల్నార్ నరం ఎముక వెనకగా, చర్మానికి దగ్గరగా వెళుతుంది. ఆ ఒక్క ప్రశ్నకు ఆమె జవాబు చెప్పిందంటే చేతి నరాల పాఠం సగం చెప్పినట్టే. "ఘాటీ ఎక్కితే ఆయాసం ఎందుకు వస్తుంది?" అంటే ఫిజియాలజీ. "పొద్దున తాగిన రాగి అంబలి మధ్యాహ్నానికి ఏమవుతుంది?" అంటే బయోకెమిస్ట్రీ. మొదట తెలుగులోనో ఇంటి భాషలోనో చెప్పించండి. తర్వాత అదే ఇంగ్లిషులో చెప్పించండి. మీకు ఇంగ్లిషు అర్థం కాకపోయినా ఫరవాలేదు. గొంతు వణకకుండా చివరిదాకా వచ్చిందా లేదా అన్నది మీకు తెలుస్తుంది.

దీంతోపాటు ఒక చిన్న నోటుబుక్కు పెట్టించండి. రోజుకు పది కొత్త మాటలు, పలికే తీరు తెలుగు లిపిలో, పక్కన అర్థం. కోర్సు మొదట్లో ఉండే ఫౌండేషన్ కోర్సులో భాష, కంప్యూటర్ నేర్పే తరగతులు ఉంటాయి. మార్కులు లేవు కదా అని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. మన పిల్ల వాటిలో ఒక్కటి కూడా మానకూడదు.

చేయకూడనిది: ఫోను చేయగానే "బాగా చదువుతున్నావా?" అని అడగడం. దానికి "ఆఁ" తప్ప ఇంకో జవాబు రాదు. "ఈ వారం ఏ తరగతి అర్థం కాలేదు?" అని అడగండి. అర్థం కాకపోవడం మామూలే అన్న సంగతి ఆ ప్రశ్నలోనే ఉంటుంది.

6. హాజరు లెక్క, జాతరల లెక్క

థియరీలో 75 శాతం, ప్రాక్టికల్స్‌లో 80 శాతం హాజరు లేనిదే విశ్వవిద్యాలయ పరీక్షకు కూర్చోనివ్వరు. అంటే ప్రాక్టికల్స్‌లో ప్రతి ఐదింటిలో ఒకటికి మించి పోకూడదు. కేస్లాపూర్ నాగోబా జాతరకు, మేడారానికి, మన్యంలో ఇటుకల పండుగకు పిల్ల రావాలని ఇంట్లో అందరూ కోరుకుంటారు. రావాలి కూడా. పండుగకు ఊరు రాని పిల్ల ఇంకా ఒంటరిదవుతుంది. అయితే ఏడాది మొదట్లోనే క్యాలెండరు ముందు పెట్టుకుని ఏ రెండు పండుగలకు రావాలో తేల్చుకోండి. జ్వరానికి నాలుగు రోజులు పక్కన పెట్టండి. ప్రతి పెళ్లికీ రమ్మని ఫోను చేసే బంధువులను ఆపడం మీ పని, పిల్ల పని కాదు.

7. మొదటి ఇంటర్నల్ పోయినప్పుడు

పోవచ్చు. నాకు ఫిజియాలజీలో పోయింది. ఇంటర్‌లో తొంభై శాతం తెచ్చుకున్న పిల్లకు అది లోకం తలకిందులైనట్టుంటుంది. అప్పుడు చేయవలసినవి వరుసగా:

మొదట, మార్కులు కాకుండా జవాబు పత్రం చూపించమని అడగమనండి. తెలియక పోయిందా, సమయం చాలక పోయిందా, బొమ్మలు వేయక పోయిందా అన్నది అక్కడే తెలుస్తుంది. రెండోది, కాలేజీలో ఆమెకు కేటాయించిన మెంటర్ అధ్యాపకుణ్ని ఆ వారంలోనే కలవమనండి. కలిశాక ఆయనేమన్నారో మీకు చెప్పమనండి. మూడోది, ఇంటికి చెప్పే విషయం ఆమె ఇష్టానికి వదిలేయండి. మీ అంతట మీరు వెళ్లి వాళ్ల నాన్నకు చెబితే వచ్చే ఆదివారం నుంచి ఆమె మీ ఫోను ఎత్తదు.

నియమాలు తెలిసి ఉండటం ధైర్యాన్నిస్తుంది. మొదటి ఏడాది పరీక్షకు నాలుగు ప్రయత్నాలకు మించి అవకాశం లేదు. కోర్సు మొత్తం తొమ్మిదేళ్లలో ముగించాలి. ఒక ఇంటర్నల్ పోతే కొంప మునగదు, కానీ సప్లిమెంటరీలు పేర్చుకుంటూ పోవడానికీ వీలు లేదు.

నిద్ర పట్టడం లేదని, తిండి సయించడం లేదని, బతకాలని లేదని అంటే చదువు సంగతి పక్కన పెట్టండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. అదే సమయంలో మీరు బస్సెక్కండి. ఆ రాత్రి ఆమె ఒంటరిగా ఉండకూడదు, మీరు చేరేదాకా పక్క గది అమ్మాయిని తోడుండమనండి.

8. "నీ ర్యాంకు ఎంత?"

హాస్టల్‌లో కులం ఎవరూ నేరుగా అడగరు. ర్యాంకు అడుగుతారు. ర్యాంకు చెప్పగానే ఒక చిన్న నవ్వు, లేదా ఒక నిశ్శబ్దం. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల పట్ల వివక్షపై ప్రభుత్వం వేసిన సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. వైవాల్లో, హాస్టల్ గదుల విషయంలో, ఆటల్లో, స్నేహాల్లో వివక్ష ఎలా నడుస్తుందో అందులో ఉంది. ఇదంతా మీ పిల్ల ఊహించుకుంటున్నది కాదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

ర్యాంకు చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. నేనైతే "సీటు వచ్చేంత వచ్చింది" అనేదాన్ని. ఆ మాట చాలాసార్లు పనిచేసింది.

మాట దాటి వేధింపుగా మారితే ఇలా చేయండి. జరిగిన రోజే తేదీ, సమయం, చోటు, అన్న మాటలు, విన్నవారి పేర్లు ఒక కాగితం మీద రాయించండి. వాట్సాప్ సందేశాలుంటే తెర ఫొటోలు తీసి మీ ఫోనుకు పంపించమనండి. ఆ తర్వాత కాలేజీ ర్యాగింగ్ నిరోధక కమిటీకి, ఎస్సీ ఎస్టీ విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. యూజీసీ ఉచిత నంబరు 1800-180-5522. కులం పేరుతో పదిమందిలో అవమానిస్తే అది 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఇదంతా ఆమె ఒప్పుకున్నాకే, ఆమె చెప్పిన వేగంతోనే జరగాలి. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే మాత్రం ఆగకండి.

ఇక్కడ తోడు నిలిచేవారు చేసే తప్పులు రెండు, ఒకదానికొకటి పూర్తి వ్యతిరేకం. ఒకటి, "కొంచెం సర్దుకుపో తల్లీ, నాలుగేళ్లే కదా" అనడం. రెండోది, రెండు జీపుల్లో సంఘం వాళ్లను వేసుకుని కాలేజీ గేటు ముందు దిగడం. మొదటి దానితో పిల్ల మీతో చెప్పడం మానేస్తుంది. రెండో దానితో మీరు వెళ్లిపోయాక అదే హాస్టల్‌లో ఒంటరిగా మిగిలేది ఆమే.

9. చదువు ఊరికి పనికిరావాలంటే

"మన పిల్లే కదా, సెలవులకు వచ్చినప్పుడు మెగా వైద్య శిబిరం పెట్టిద్దాం" అంటారు. మొదటి ఏడాది వద్దే వద్దు. చదువుకునే పిల్ల మందులు రాయకూడదు, సూది వేయకూడదు. రెండో ఏడాది నుంచి ఒక చిన్న పని, ఒకే ఒక్కటి, పద్ధతిగా చేయవచ్చు. జాతీయ వైద్య కమిషన్ పాఠ్య ప్రణాళికలో కుటుంబ దత్తత కార్యక్రమం ఉంది. ప్రతి విద్యార్థి కొన్ని కుటుంబాల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించాలి. అక్కడ నేర్చుకున్న పద్ధతే ఊళ్లోనూ వాడుకోవచ్చు.

ఏ పని ఎంచుకోవాలంటే నా సలహా సికిల్ సెల్, తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు వచ్చే రక్త జబ్బు. కేంద్రం 2023 జులై 1న దీని నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్ల లోపు ఏడు కోట్ల మందిని పరీక్షించాలన్నది లక్ష్యం. జబ్బు నిర్మూలనకు 2047ను గడువుగా పెట్టుకున్నారు. పరీక్ష చేసే ఏర్పాటు ప్రభుత్వానికి ఉంది. మన ఊళ్లలో లేనిది, ఆ కాగితంలో ఏముందో కోయలోనో గోండిలోనో కువిలోనో విడమరిచి చెప్పే మనిషి. మన పిల్ల ఆ పని చేయగలదు.

వరుస ఇది. ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారిని, ఏఎన్ఎంను, ఆశా కార్యకర్తను కలవండి. వారిని పక్కన పెట్టి ఏదీ చేయవద్దు. తర్వాత ఊరి పెద్దలు. తర్వాత ఇంటింటికీ. పరీక్ష ఆరోగ్య సిబ్బంది చేస్తారు, పిల్ల వివరిస్తుంది.

వివరించేటప్పుడు జాగ్రత్తలు. సాల్యుబిలిటీ పరీక్ష తొలి జల్లెడ మాత్రమే. రక్తంలో సికిల్ హిమోగ్లోబిన్ ఉందని చెబుతుంది కానీ జబ్బు ఉందా, లేక జబ్బు లేకుండా దాన్ని బిడ్డలకు అందించగల వాహకులేనా అన్నది చెప్పదు. అది తేలాలంటే హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూపే హెచ్‌పీఎల్‌సీ లేదా ఎలెక్ట్రోఫోరసిస్ పరీక్ష చేయాలి. ఆరు నెలల లోపు పసిబిడ్డలకు, ఇటీవల రక్తం ఎక్కించుకున్నవారికి తొలి పరీక్ష ఫలితాన్ని నమ్మడానికి లేదు. వాహకులు రోగులు కారు, వారికి మందులు అక్కర్లేదు. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

ఫలితం ఎప్పుడూ నలుగురిలో చదవవద్దు. వాహకురాలని తెలిసిన అమ్మాయికి సంబంధాలు తప్పిపోతాయి, అబ్బాయి విషయం ఎవరూ పట్టించుకోరు. లోపల కూర్చోబెట్టి, ఆ మనిషికి మాత్రమే చెప్పాలి. చెప్పాక "అర్థమైందా?" అని అడగవద్దు, అందరూ తలూపుతారు. "ఇంటికెళ్లి మీ అత్తకు ఏమని చెబుతావు?" అని అడగాలి. తప్పు చెబితే మళ్లీ మొదటినుంచి.

పని జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది? ఎంతమందికి పరీక్ష చేశారన్న అంకె పత్రికా ప్రకటనకు పనికొస్తుంది. మీరు నోటుబుక్కులో రాసుకోవలసినవి వేరు. పాజిటివ్ వచ్చినవారిలో ఎంతమంది చేతికి నిర్ధారణ నివేదిక వచ్చింది? జబ్బు ఉన్నవారిలో ఎంతమంది మూడు నెలల తర్వాత కూడా డాక్టరు రాసిన మందు వాడుతున్నారు? మందు మానేసినవారు ఎందుకు మానేశారు? బస్సు లేక మానేశారా, భయపడి మానేశారా? పదిమంది గురించి ఈ వివరాలుంటే ఐటీడీఏ అధికారి ముందు కూర్చుని మాట్లాడటానికి చాలు.

ఇంకో మాట. భాష వచ్చు కదా అని ఆసుపత్రిలో ప్రతి వార్డువారూ ఆమెను దుబాసీగా పిలుస్తుంటారు. ఒకటి రెండుసార్లు సంతోషమే. తరగతి మాని వెళ్లడం మొదలైతే, అనువాదకులను పెట్టుకోవడం ఆసుపత్రి పని అని గుర్తుచేయండి.

10. ఆరు నెలలకోసారి ఈ ఐదూ చూడండి

- గత రెండు నెలల్లో తరగతిలో ఒక్క సందేహమైనా లేచి అడిగిందా?
- తన ప్రాంతం కాని స్నేహితులు కనీసం ఇద్దరున్నారా?
- స్కాలర్‌షిప్ పడిందా? ఏ ఖాతాలో, ఏ తేదీన?
- హాజరు శాతం ఎంత? పిల్ల చెప్పింది కాకుండా కాలేజీ రికార్డులో ఉన్నది.
- మీకు తనంతట తాను ఎన్నిసార్లు ఫోను చేసింది?

చివరి దానికి జవాబు "ఒక్కసారీ లేదు" అయితే, ఆమె బాగానే ఉందని అనుకోకండి. ఒకసారి వెళ్లి, మాట్లాడాల్సిన పనేమీ పెట్టుకోకుండా, టీ తాగి రండి.

ఇక ఆ లక్ష రూపాయలు

ఎంబీబీఎస్ చదువు నాలుగున్నరేళ్లు, అంటే 54 నెలలు. ఆ తర్వాత ఇంటర్న్‌షిప్ ఏడాదికి స్టైపెండ్ వస్తుంది. నెలకు 1,500 చొప్పున 54 నెలలకు 81,000 అవుతుంది. మిగిలిన 19,000 అత్యవసరానికి విడిగా ఉంచండి. ఇంట్లో జబ్బు చేస్తే బస్సు ఖర్చులకు, స్కాలర్‌షిప్ ఆలస్యమైన నెల మెస్ బిల్లుకు, కళ్లద్దాలు పగిలితే కొనడానికి. మొత్తం ఒకేసారి ఇస్తే ఇంటి అప్పులోకో, పెళ్లి ఖర్చులోకో పోతుంది. ఇది ఎవరి తప్పూ కాదు, డబ్బు లేని ఇళ్లలో జరిగేదే.

ఉమ్మడి ఖాతా తెరిచి, ప్రతి నెలా ఐదో తేదీన పిల్ల ఖాతాకు దానంతట అదే వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వండి. ఐదో తేదీ ఎందుకంటే ఎక్కువ హాస్టళ్లలో మెస్ బిల్లు నెల మొదటి పది రోజుల్లోనే కట్టమంటారు. ఈ నెల డబ్బు పంపరా అని ఆమె ఎవరినీ అడగాల్సిన అవసరం రాకూడదు.